మొదటి మ్యాచ్‌లో చిత్తుగా ఓడిన అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఒక సీజన్‌లో ఎంత ఎదుగుతుంది?

మేడమ్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ టీచరుగా కొత్తగా చేరారు. జూన్‌లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల అమ్మాయిలు పన్నెండు మందితో బాస్కెట్‌బాల్ టీమ్ మొదలుపెట్టారు. ఆగస్టులో పక్క మండలం గురుకులం జట్టుతో ఆడితే 34-4తో ఓడిపోయారు. పిల్లలు ఏడ్చారు, హెడ్మాస్టరు గారేమో ‘ఖోఖో ఆడించినా బాగుండేది’ అన్నారు. సీజన్ ముగిసేలోపు వీళ్ళు నిజంగా ఎదుగుతారా, ఎదిగితే ఆ సంగతి ఎలా తెలుస్తుంది, ఏ వరసలో నేర్పాలి అని మీరు అడిగారు.

ఎదుగుతారు. ఈ వయసులో నేర్చుకున్నంత వేగంగా తర్వాత ఎప్పుడూ నేర్చుకోరు. కాకపోతే ఆ ఎదుగుదల మొదట్లో స్కోరులో కనిపించదు. 34-4 కాస్తా రెండు నెలలకు 30-8 అవుతుంది, బయట నిలబడి చూసేవాళ్ళకు రెండూ ఒకటే. పీఈటీగా, తర్వాత పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) నా సర్వీసులో ఎక్కువ భాగం అమ్మాయిల జట్లతోనే గడిచింది. మొదటి ఏడాది జట్టుకు నేను నమ్మే కొలత ఒక్కటే: బంతి ఎంతమంది అమ్మాయిల చేతుల్లో నిలుస్తోంది? ఆగస్టులో ఇద్దరి చేతుల్లో నిలిచి, డిసెంబరుకల్లా ఎనిమిది మంది చేతుల్లో నిలిస్తే మీ సీజన్ బ్రహ్మాండంగా జరిగినట్టే, ఒక్క మ్యాచ్ కూడా గెలవకపోయినా సరే. కింద నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ మ్యాచ్‌లో ఏం జరిగి ఉంటుందో చూద్దాం. గురుకులం పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి పొద్దునా సాయంత్రమూ ప్రాక్టీసు చేస్తారు. వాళ్ళ సార్ మొదటి నిమిషం నుంచే ఫుల్ కోర్ట్ ప్రెస్ వేయించి ఉంటారు, అంటే కోర్టు పొడవునా బంతి మీదికి ఎగబడి అడ్డుకోవడం. మీ అమ్మాయి బేస్‌లైన్ (బుట్ట వెనక గీత) దగ్గర బంతి లోపలికి ఇవ్వబోతుంటేనే ఇద్దరు వచ్చి మీద పడతారు. బయటి నుంచి బంతి లోపలికి ఇవ్వడానికి (త్రో-ఇన్‌కు) 5 సెకన్లే గడువు, సగం కోర్టు దాటడానికి 8 సెకన్లే. కొత్త పిల్లకు ఆ తొందరలో ఏమీ తోచదు, బంతి పారేసుకుంటుంది. అవతలివాళ్ళు బుట్ట కిందే ఉంటారు కాబట్టి అక్కడికక్కడే లే-అప్ (బుట్ట దగ్గరికి వెళ్ళి ఎగిరి వేసే షాట్) వేస్తారు. మళ్ళీ బంతి మీ పిల్లల చేతికే వస్తుంది, మళ్ళీ అదే జరుగుతుంది. ఆ 34 పాయింట్లలో చాలా వరకు ఇలా వచ్చినవే అయ్యుంటాయి. అంటే మీ పిల్లలకు షూటింగ్ రాక ఓడిపోలేదు. షూట్ చేసే చోటికి బంతి చేరనే లేదు. ఇది పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పండి. ‘మనకు ఆట రాదు’ అనుకుని ఏడ్చిన పిల్ల ‘మనం బంతిని గీత దాటించలేకపోతున్నాం’ అని అర్థం చేసుకుంటే, మర్నాడు గ్రౌండ్‌కు రావడానికి ఆమెకు ఒక పని దొరుకుతుంది.

ఇక్కడే చాలామంది కోచ్‌లు దగ్గరి దారి పడతారు. ప్రతి స్కూల్లో ఒక చురుకైన అమ్మాయి ఉంటుంది, వంద మీటర్ల పరుగులో ఫస్ట్ వచ్చేది, కబడ్డీలో రైడ్‌కు వెళ్ళేది. బంతి ఆమెకే ఇవ్వమంటారు. ఆమె అందరినీ దాటుకుని వెళ్ళి వేస్తుంది. తర్వాతి మ్యాచ్ 28-12 అవుతుంది, హెడ్మాస్టరు గారు కూడా సంతోషిస్తారు. నేను దీన్ని గట్టిగా వద్దంటాను. మిగతా నలుగురు కోర్టు ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తడం తప్ప ఏమీ నేర్చుకోరు. ఆ ఒక్క పిల్లకు జ్వరమొచ్చినా, ఐదు ఫౌల్స్ అయి బయటికొచ్చినా జట్టు లేనట్టే. అసలు నష్టం ఆ చురుకైన పిల్లకే ఎక్కువ జరుగుతుంది. కుడి చేత్తో, తల దించుకుని, గోడవారగా పరుగెత్తినట్టు సైడ్‌లైన్ వెంట డ్రిబుల్ చేయడం (బంతిని నేలకు కొడుతూ తీసుకెళ్ళడం) ఆమెకు అలవాటైపోతుంది. అండర్-17కు వెళ్ళాక అక్కడి డిఫెండర్లు ఆ కుడి పక్క మూసేస్తే ఆమెకు ఇంకో దారి తెలియదు. పాస్ ఎప్పుడివ్వాలో ఎవరూ నేర్పలేదు కదా.

ఈ ఆట చరిత్రలోనే ఇలాంటిది ఒకటుంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టాడు. మరుసటి ఏడాదే సెండా బెరెన్సన్ అనే టీచర్ స్మిత్ కాలేజీలో అమ్మాయిలకు ఆ ఆట నేర్పింది. అమ్మాయిలు అంతంత పరుగెత్తలేరని ఆ రోజుల్లో అందరూ అనుకునేవాళ్ళు కాబట్టి, కోర్టును మూడు భాగాలు చేసి ఎవరి భాగంలో వాళ్ళే ఆడాలని రూలు పెట్టారు. తర్వాత అది ఆరుగురి ఆటగా మారింది. ముగ్గురు ఒక సగంలో షూట్ చేస్తారు, ముగ్గురు ఇంకో సగంలో డిఫెన్స్ మాత్రమే ఆడతారు. అయోవాలో 1993 వరకు, ఓక్లహోమాలో 1995 వరకు హైస్కూల్ అమ్మాయిలు అలాగే ఆడారు. స్కూలు రోజులన్నీ డిఫెన్స్ వైపే ఆడి, మ్యాచ్‌లో ఒక్కసారి కూడా బుట్టకు గురిపెట్టకుండా ఆట ముగించిన అమ్మాయిలు ఎందరో. మనం ‘నువ్వు వెనక నిలబడు చాలు, బంతొస్తే అక్కకిచ్చెయ్’ అని ఒక ఆరో తరగతి పిల్లతో అన్నప్పుడు ఆ గీతలే మళ్ళీ గీస్తున్నాం. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

అక్క సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను, మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. ఆరో తరగతి పిల్లకు ఎనిమిదో తరగతి పిల్ల అక్క. అక్క చెయ్యి చాపితే బంతి ఇచ్చేస్తుంది, ఆ అక్క చుట్టూ ముగ్గురున్నా సరే. అటు పక్క ఖాళీగా నిలబడ్డ తోటి ఆరో తరగతి పిల్ల కనబడదు. గ్రౌండ్ బయట అక్క అక్కే, లోపల మాత్రం అందరూ పేర్లే పెట్టి పిలుచుకోవాలని నేను మొదటి వారంలోనే చెప్పేవాణ్ణి. సిగ్గుపడతారు, నవ్వుకుంటారు, నెలరోజుల్లో అలవాటవుతుంది. ఒక ఆరో తరగతి పిల్ల ఎనిమిదో తరగతి పిల్లను పేరు పెట్టి ‘వెనక మనిషుంది’ అని అరిచిన రోజున జట్టు ఒక మెట్టు ఎక్కిందని నేను లెక్క వేసుకునేవాణ్ణి.

ఎదుగుదల ఎలా తెలుస్తుందన్నారు కదా. ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొనండి. ప్రతి మ్యాచ్‌లో, బెంచి మీదున్న ఇద్దరు పిల్లలకు దాన్ని అప్పగించండి. మూడే మూడు సంగతులు రాయించండి: బంతి ఎన్నిసార్లు సగం గీత దాటింది, షూట్ చేయకుండానే ఎన్నిసార్లు పోగొట్టుకున్నాం, ఎంతమంది వేర్వేరు అమ్మాయిలు బుట్టకు గురిపెట్టారు. పడిందా లేదా అన్నది స్కోర్ షీట్‌లో ఎలాగూ ఉంటుంది. ఈ మూడు అంకెలు మ్యాచ్ మ్యాచ్‌కూ కదులుతూ ఉంటాయి, స్కోరు కదలనప్పుడు కూడా. ఓడి వచ్చిన పిల్లలకు బస్సులో అవి చదివి వినిపిస్తే మొహాలు వెలుగుతాయి. ఆ పుస్తకం రాసే పిల్లలకు కూడా ఆట ఎలా చూడాలో తెలుస్తుంది. బెంచి మీద కూర్చుని గోళ్ళు కొరుక్కునే పిల్లకూ, లెక్క రాస్తూ కూర్చున్న పిల్లకూ నెల తిరిగేసరికి చాలా తేడా వస్తుంది.

నేర్పే వరస దగ్గరికి వచ్చేముందు ఒక్కసారి మీ బంతులు చూడండి. చాలా స్కూళ్ళలో ఉండేవి అబ్బాయిల సైజు 7 బంతులు, 600 గ్రాములకు అటూఇటూ ఉంటాయి. మహిళల మ్యాచ్ బంతి సైజు 6, దాదాపు 530 గ్రాములు. చిన్నపిల్లలకు సైజు 5 ఉంది, 480 దగ్గర. ఆరో తరగతి పిల్ల చేతికి సైజు 7 ఇచ్చి 3.05 మీటర్ల ఎత్తున్న రింగుకు వేయమంటే, నడుం వంచి రెండు చేతులతో విసరడం తప్ప ఆమెకు వేరే మార్గం లేదు. ఆ విసురుడే అలవాటై, పదో తరగతికి వచ్చినా పోదు. చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగును 2.60 మీటర్లకే పెట్టేది ఇందుకే. మన స్కూళ్ళలో రింగు దించడం కుదరదు, బంతి మాత్రం మార్చగలం. దాతలు ఎవరైనా ‘ఏం కావాలి’ అని అడిగితే జెర్సీలకంటే ముందు సైజు 6 రబ్బరు బంతులు ఆరు అడగండి. సిమెంటు కోర్టు మీద లెదర్ బంతి ఒక వానాకాలం కూడా నిలవదు. ఫ్రీ త్రో (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్) ప్రాక్టీసు చిన్నవాళ్ళతో గీతకు ఒక మీటరు ముందు నుంచి మొదలుపెట్టించి, బలం వచ్చేకొద్దీ వెనక్కి జరపండి.

ఇక వరస. మొదటి నెలంతా ఆగడం నేర్పండి. పిల్లలకు పరుగెత్తడం వచ్చు, ఆగడం రాదు. పరుగులో బంతి అందుకుని రెండు కాళ్ళ మీద ఒకేసారి ఆగడం, మోకాళ్ళు కొంచెం వంచి, ఒక పాదం నేలకు ఆనించి ఇంకో పాదంతో తిరగడం, అంటే జంప్ స్టాప్, పివట్. ఇవి రెండూ వస్తే ట్రావెలింగ్ (బంతి పట్టుకుని అడుగులు వేసే తప్పు) సగానికి సగం తగ్గిపోతుంది. మీద పడుతున్న డిఫెండర్‌కు వీపు చూపించి బంతిని కాపాడుకోవడం వస్తుంది. భయం తగ్గుతుంది. రెండో లాభం మోకాలికి. ఈడుకొచ్చే వయసు నుంచి అమ్మాయిలకు మోకాలి ఏసీఎల్ లిగమెంటు తెగే ప్రమాదం ఇలాంటి ఆటల్లో అబ్బాయిల కంటే ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలడం అందుకు ఒక పెద్ద కారణం. ప్రతిరోజూ వార్మప్‌లోనే ఎగిరి మెత్తగా దిగడం, మోకాలు పాదం వేళ్ళ వైపే ఉండేలా చూడటం, ఒంటికాలి మీద నిలబడటం చేయించండి. పావుగంట పని. రీబౌండ్‌కు (పడకుండా తిరిగొచ్చిన బంతికి) ఎగిరిన పిల్ల దిగే తీరు చూడటానికి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి వాళ్ళకే చూపించండి, మనం చెప్పేదానికంటే తొందరగా అర్థమవుతుంది.

తర్వాత పాసింగ్. మొదటి వారాల్లో పది మందిని కోర్టులో వదిలితే బెల్లం చుట్టూ ఈగల్లా అందరూ బంతి చుట్టే మూగుతారు. ‘విడిపోండి, విడిపోండి’ అని గొంతు పోయేలా అరిచినా లాభం ఉండదు. డ్రిబుల్ లేకుండా ఆడించండి. నలుగురికి నలుగురు, సగం కోర్టు, బంతి పట్టుకున్న పిల్ల కదలకూడదు, పాస్ మాత్రమే. ఇక ఖాళీలోకి పరుగెత్తితే తప్ప బంతి రాదు. వారం పది రోజుల్లో వాళ్ళంతట వాళ్ళే విడిపోతారు. నా అనుభవంలో కొత్త జట్టుకు దీనికి మించిన ఆట లేదు. ప్రెస్‌ను దాటించేది కూడా ఇదే. బంతి అందుకోగానే తల తిప్పి ముందుకు చూడటం, మధ్యలో నిలబడ్డ పిల్లకు ఇవ్వడం, మూలలోకి డ్రిబుల్ చేసుకుంటూ పోకపోవడం, ఈ మూడూ వస్తే గురుకులం జట్టు ప్రెస్ వేసినా బంతి గీత దాటుతుంది.

డ్రిబుల్ రెండు చేతులతోనూ ఇంటి దగ్గర చేసుకోవచ్చు. బంతి లేకపోతే పాత టెన్నిస్ బంతైనా సరే. గ్రౌండ్‌లో దానికి ఎక్కువ సమయం పెట్టకండి. లే-అప్ మాత్రం రోజూ ఉండాలి, ఎడమ వైపు నుంచి కూడా. దూరం నుంచి షూటింగ్ చివర్లో. యూట్యూబ్ చూసి మూడు పాయింట్ల గీత దగ్గర నిలబడి విసిరే పిల్లలుంటారు, వాళ్ళను మెల్లగా లోపలికి తీసుకురండి.

ప్రాక్టీసులో ఐదుగురికి ఐదుగురు ఆట వారానికి ఒక్కసారి చాలు. మిగతా రోజుల్లో ముగ్గురికి ముగ్గురు, ఒకే బుట్టకు. టోక్యో ఒలింపిక్స్ నుంచి త్రీ ఆన్ త్రీ పతకాల ఆట కూడా అయింది, పిల్లలకు ఆ మాట చెబితే ‘ఇది చిన్న ఆట’ అనుకోరు. ఐదుగురి ఆటలో మెతకగా ఉండే పిల్ల పది నిమిషాలైనా బంతి ముట్టకుండా గడిపేయగలదు. ముగ్గురి ఆటలో దాక్కోవడం కుదరదు. ఆ పిల్ల బాగుపడేది అక్కడే.

డిఫెన్స్ విషయంలో జోన్ వేయకండి, అంటే ఒక్కొక్కరికి కోర్టులో ఒక్కో చోటు అప్పగించకండి; ఒక్కొక్కరికి అవతలి జట్టులో ఒక్కో మనిషిని అప్పగించే మ్యాన్-టు-మ్యాన్ ఆడించండి. అండర్-14లో జోన్ వేస్తే గెలుపు తొందరగా వస్తుంది, ఎందుకంటే అవతలి పిల్లలకు కూడా దూరం నుంచి వేయడం రాదు. కాని జోన్‌లో నిలబడ్డ పిల్ల ‘ఇది నా చోటు’ అనుకుంటుంది. మ్యాన్-టు-మ్యాన్‌లో ‘ఈ మనిషి నా బాధ్యత’ అనుకుంటుంది. మొదట్లో అవతలివాళ్ళు మీ పిల్లలను దాటేసి వెళ్తారు, బాధగానే ఉంటుంది. ఓర్చుకోండి.

అందరినీ ఆడించడం గురించి మాత్రం మీరు ముందే ఒక నియమం పెట్టుకుని, పిల్లలకూ తల్లిదండ్రులకూ హెడ్మాస్టరు గారికీ చెప్పేయండి. నేను పాటించింది ఇది: పన్నెండు మందీ మొదటి సగంలో కోర్టులోకి దిగుతారు, ప్రాక్టీసుకు సరిగ్గా వచ్చినవాళ్ళు ఎవరైనా సరే. రెండో సగంలో ఆటను బట్టి ఆడిస్తాం. ముందే చెప్పకపోతే, నాలుగు పాయింట్ల తేడా ఉన్న మ్యాచ్‌లో బెంచి మీది పిల్లను దింపడానికి మీకే చెయ్యి రాదు. ముందే చెప్పి ఉంటే అది రూలు, అంతే. ఒక ఏడాది మా జట్టులో బంతి తన వైపు వస్తుంటే కళ్ళు మూసుకునే ఏడో తరగతి పిల్ల ఒకామె ఉండేది. జట్టులో అందరికంటే పొట్టి. ఈ రూలు ఉండబట్టి ప్రతి మ్యాచ్‌లో కాసేపు ఆడింది. దసరా సెలవుల తర్వాత ఒక మ్యాచ్‌లో ప్రెస్ మధ్యలో బంతి అందుకుని, ఆగి, తిరిగి, ఎదురుగా ఖాళీగా ఉన్న పిల్లకు బౌన్స్ పాస్ ఇచ్చింది. మ్యాచ్ మేం ఓడిపోయాం. ఆ పాస్ గురించి మాత్రం పిల్లలు వారమంతా మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది మా జట్టులో బంతిని సగం గీత దాటించి ముందుకు తెచ్చేది ఆమే.

దసరా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట. సెలవుల తర్వాత జట్టు వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది. సెలవులు కొంత, పరీక్షలు కొంత, వాటితోపాటు ఒంటి ఎదుగుదల కూడా. అమ్మాయిలు అందరికంటే వేగంగా పొడవు పెరిగేది సుమారు పదకొండు, పన్నెండేళ్ళ వయసులో. ఆ ఏడాదిలో ఏడెనిమిది సెంటీమీటర్లు పెరిగే పిల్లలుంటారు. కాళ్ళూ చేతులూ పొడవైపోతాయి, నిన్నటిదాకా పడిన లే-అప్ ఇవాళ పడదు. ‘నీకు శ్రద్ధ తగ్గింది’ అని ఆ పిల్లను తిట్టకండి. ఆమె శరీరం ఆమెకే కొత్తగా ఉంది. రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. జూన్‌లోనూ డిసెంబరులోనూ గోడ మీద గీత గీసి ఎత్తు రాసి పెట్టుకుంటే మీకే తెలిసిపోతుంది.

నెలసరి గురించి మీరు మహిళా టీచరు కాబట్టి నాకంటే బాగా మాట్లాడగలరు. నేను సైన్స్ టీచరమ్మ సాయం తీసుకునేవాణ్ణి. తెల్ల షార్ట్స్ వద్దు, ముదురు రంగు తీసుకోండి. మీ కిట్ బ్యాగులో ప్యాడ్లు ఎప్పుడూ ఉండాలి, ఆ సంగతి అందరికీ తెలిసి ఉండాలి, అడగాల్సిన పని ఉండకూడదు. వేరే ఊరు మ్యాచ్‌కు వెళ్తే ముందు అక్కడి టాయిలెట్ ఎక్కడుందో, తలుపుకు గడియ ఉందో లేదో చూడండి. దీనికి భయపడి ఆట మానేసిన పిల్లలను చూశాను. షార్ట్స్‌కు ఇంట్లో ఒప్పుకోకపోతే లోపల లెగ్గింగ్స్ వేసుకోనివ్వండి. ముస్లిం పిల్లలుంటే తలకు గుడ్డతో ఆడొచ్చు, అంతర్జాతీయ సమాఖ్య ఫీబా 2017లోనే ఒప్పుకుంది. ఎవరైనా అభ్యంతరం పెడితే ఈ సంగతి చెప్పండి.

రక్తహీనత ఇంకో పెద్ద సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ పిల్లలు అంతకంటే చిన్నవాళ్ళే, అయినా ఆ దారిలోనే ఉన్నారు. రెండు రౌండ్లకే ఆయాసపడి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే పిల్లను బద్ధకస్తురాలు అనుకునేముందు పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. స్కూల్లో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర చాలామంది పిల్లలు కడుపులో తిప్పుతుందని పారేస్తారు. భోజనం తర్వాత మీ ఎదుటే వేసుకోమనండి. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పక్కన పెట్టేసే పిల్లలెవరో కూడా కనిపెట్టండి. ఆటలో ఓపిక పెరగడానికి పరుగుల కంటే ఇది ముందు.

ఇంట్లోవాళ్ళ సంగతి. ‘ఎండలో నల్లబడిపోతుంది’, ‘చదువు పాడవుతుంది’, ‘చీకటి పడ్డాక ఎలా వస్తుంది’, ఇవి మూడూ వినబడతాయి. మొదటిదానికి వాదన పెట్టుకోకండి. మిగతా రెండూ న్యాయమైనవే. పరీక్షల వారంలో ప్రాక్టీసు సగానికి తగ్గించండి, మార్కులు తగ్గిన పిల్ల తల్లిని మీరే ముందు కలవండి. సాయంత్రం ఐదున్నరకల్లా వదిలేసి, ఏ ఊరి పిల్లలు ఆ ఊరివాళ్ళతో కలిసి వెళ్ళేలా చూడండి. కుదిరితే ఒక మ్యాచ్ మీ స్కూల్లోనే ఆదివారం పెట్టి తల్లులను పిలవండి. కూతురు కోర్టులో గట్టిగా అరుస్తూ, ఇంకో పిల్లకు దారి చెబుతూ ఆడటం తల్లి కళ్ళారా చూస్తే ఆ తర్వాత మీరు ఎక్కువ మాట్లాడక్కర్లేదు. గోడ మీద ఒక ఫోటో పెట్టాలనుకుంటే చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై ఫోటో పెట్టండి. పంతొమ్మిదేళ్ళకే భారత మహిళల జట్టుకు కెప్టెన్ అయింది, 2021లో పద్మశ్రీ అందుకుంది. మన దక్షిణాది అమ్మాయి కాబట్టి మన పిల్లలకు దగ్గరగా అనిపిస్తుంది.

స్కూల్ గేమ్స్ ఎంపికల్లో మీ జట్టు నుంచి ఒకరో ఇద్దరో జిల్లా జట్టుకు ఎంపిక కావచ్చు. అప్పుడు జట్టులో చిన్న చీలిక వస్తుంది, సిద్ధంగా ఉండండి. ఎంపికైన పిల్లకు ట్రాక్‌సూట్ వస్తుంది, ప్రేయర్‌లో చప్పట్లు కొడతారు. మిగతా పదిమంది మౌనంగా ఉంటారు. ఎంపికైన పిల్ల క్యాంపు నుంచి తిరిగి వచ్చాక, అక్కడ నేర్చుకున్న ఒక్క డ్రిల్ అయినా మిగతావాళ్ళకు ఆమె చేతే నేర్పించండి. పదమూడేళ్ళ పిల్ల విజిల్ పట్టుకుని తోటివాళ్ళకు నేర్పడం చూడాలి మీరు. వాళ్ళ మధ్య ఏర్పడ్డ ఆ దూరం అక్కడే తగ్గిపోతుంది.

మరి డిసెంబరుకు ఏం ఆశించవచ్చు? ప్రెస్‌ను ఎక్కువసార్లు దాటగలుగుతారు. విజిల్ ఊదితే ఎందుకు ఊదారో సగం మందికైనా తెలుస్తుంది. ఎడమ చేత్తో లే-అప్ ఇద్దరు ముగ్గురికి వస్తుంది, అందరికీ రాదు. ఫ్రీ త్రోలు ఇంకా ఎక్కువ పోతాయి. మీలాంటి కొత్త జట్లతో ఆడితే గెలుస్తారు, గురుకులం జట్టుతో ఆడితే ఓడిపోవచ్చు, కాని అది ఆటలా ఉంటుంది. పన్నెండు మందిలో పది మంది జనవరిలో కూడా గ్రౌండ్‌కు వస్తున్నారంటే, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ఫలితం అదే. ఈ వయసులో ఆట వదిలేసిన అమ్మాయి తిరిగి రావడం చాలా అరుదు.

సంక్రాంతి తర్వాత చేయాల్సిన పని ఒకటుంది. ఎనిమిదో తరగతివాళ్ళు చాలామంది వయసు దాటిపోయి వచ్చే ఏడాది అండర్-14 ఆడలేరు. వాళ్ళ చేత పక్కనున్న ప్రాథమిక పాఠశాల ఐదో తరగతి పిల్లలకు వారానికో రోజు ఆట నేర్పించండి, జూన్‌లో ఆ పిల్లలే మీ ఆరో తరగతిలో చేరతారు. అలాగే ప్రతి పిల్ల ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీ, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న తేదీ ఒకటేనా కాదా ఇప్పుడే సరిచూడండి. తేడా ఉంటే దిద్దించడానికి నెలలు పడుతుంది. ఏడాదంతా కష్టపడ్డ పిల్లను ఎంపికల రోజు టేబుల్ దగ్గరే ఆపేస్తే మీరూ నేనూ అక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు.